కుటుంబ న్యాయస్థానానికి బాట వేసిన గోదావరి ఆడపడుచు

ఎనిమిదేళ్లకే పెళ్లి... పదిహేనేళ్లకు సొంత నిర్ణయం
జైలు గోడల మధ్య న్యాయవాద వృత్తికి సంకల్పం
అభాగినులకు అక్షరం, ఆశ్రయం, చట్టం అందించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌

కాకినాడ: భర్త చేతిలో దెబ్బలు తిన్న ఇల్లాలు బిడ్డను చంకనెత్తుకుని న్యాయస్థానం మెట్లెక్కితే, ఆస్తి తగాదాలు, హత్య కేసుల నడుమ ఆమె గోడు ఆలకించే తీరిక ఎవరికి ఉంటుంది? సంసారంలో పుట్టిన వివాదానికి ప్రత్యేక న్యాయస్థానం ఉండాలని స్వాతంత్య్రం వచ్చిన తొలినాళ్లలోనే పట్టుబట్టిన మహిళ మన గోదావరి తీరంలోనే జన్మించారు. ఆమే దుర్గాబాయి దేశ్‌ముఖ్‌. స్వాతంత్య్ర సమరయోధురాలిగా, ఆంధ్ర మహిళాసభ వ్యవస్థాపకురాలిగా ఆమెను ఎరుగని తెలుగువారు అరుదు. అయితే ఇంట్లోనే హింసకు గురయ్యే స్త్రీలకు, వారి బిడ్డలకు నేడు చట్టం ఇస్తున్న అండ వెనుక ఆమె ఆలోచన ఎంత ఉందో ఎరిగినవారు తక్కువే.

బాల్యంలోనే మెడలో తాళి

దుర్గాబాయి 1909 జులై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి బెన్నూరి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. బాల్యం అధిక భాగం కాకినాడలోనే గడిచింది. అంటువ్యాధులు ప్రబలినప్పుడు రోగుల వద్దకు వెళ్లడానికి జనం జంకే ఆ రోజుల్లో రామారావు వెరపు లేకుండా సేవ చేసేవారు. ఆ తండ్రి నీడలో పెరిగిన దుర్గాబాయికి ఎనిమిదేళ్ల ప్రాయంలోనే బంధువైన సుబ్బారావుతో వివాహం జరిపించారు. బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం అప్పటికి రాలేదు. 1929లో ఆమోదం పొందిన ఆ చట్టం 1930 ఏప్రిల్‌ 1 నుంచి అమలులోకి వచ్చింది.

పెళ్లి అంటే ఏమిటో తెలియని వయసులో జరిగిన ఆ తంతును, ఊహ తెలిశాక ఆమె మనసు అంగీకరించలేదు. పదిహేనేళ్ల వయసులో తాను కాపురానికి రాలేనని, వేరొకరిని పెళ్లాడి సుఖంగా ఉండవలసిందని సుబ్బారావుకు స్వయంగా తెలియజేశారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలిచారు. ఆమె భర్త క్రూరుడు కాడు, ఆమె హింసకు గురైన భార్యా కాదు. అయినా అప్పటి హిందూ ధర్మశాస్త్రం ప్రకారం పురుషుడు రెండో పెళ్లి చేసుకోవచ్చు గాని, కులాచారం ఒప్పుకుంటే తప్ప స్త్రీకి విడాకులన్నవే లేవు. సుబ్బారావు మళ్లీ వివాహం చేసుకున్నారు. 1941లో ఆయన కన్నుమూసే వరకు చట్టం దృష్టిలో దుర్గాబాయి ఆయన భార్యగానే ఉండిపోయారు. పుట్టింటివారు తలుపు తెరిచి ఉంచబట్టి ఆమె బతుకు నిలబడింది. ఆ తలుపు మూసుకుపోయిన ఆడపిల్లల గతేమిటన్న ప్రశ్నకే ఆమె తన శేష జీవితాన్ని ధారపోశారని చెప్పవచ్చు.

చిన్ననాటనే బాధితుల పక్షం

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దుర్గాబాయికి పన్నెండేళ్లు నిండలేదు. సమాజం వెలివేసిన దేవదాసీలు, గడప దాటి ఎరుగని ఘోషా స్త్రీలు మహాత్ముని మాట వినాలని ఆమె పట్టుబట్టారు. ఐదు వేల రూపాయలు సమకూరిస్తే కొద్ది నిమిషాల సమయం ఇప్పిస్తామని పెద్దలు చెప్పగా, ఆ స్త్రీల సాయంతోనే ఆ మొత్తాన్ని కూడగట్టారు. సభ జరిగింది. గాంధీజీ ప్రసంగాన్ని ఆ బాలికే తెనిగించింది. మహిళలు ఒంటిమీది నగలు తీసి ఉద్యమానికి సమర్పించారు. ఆంగ్ల మాధ్యమంపై నిరసనతో బడి మానిన ఆమె, బాలికలకు హిందీ నేర్పే పాఠశాలను కూడా నడిపారు. 1923లో కాకినాడ కాంగ్రెస్‌ మహాసభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శన వద్ద స్వచ్ఛంద సేవికగా ఉండి, టికెట్టు లేదన్న కారణంతో జవహర్‌లాల్‌ నెహ్రూనే లోపలికి పంపకుండా నిలిపివేసిన ఉదంతం నేటికీ జిల్లాలో చెప్పుకుంటారు. నియమం అందరికీ ఒక్కటేనన్న ఆ పట్టుదలే తర్వాతి కాలంలో ఆమెను న్యాయవాదిని చేసింది.

జైలులో కళ్లు తెరిపించిన దృశ్యం

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్న దుర్గాబాయి 1930, 1933 మధ్య మూడు పర్యాయాలు కారాగారవాసం అనుభవించారు. మదురై జైలులో ఏకాంత నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. అయితే అక్కడి మహిళా ఖైదీల కథలు ఆమెను అంతకు మించి కలచివేశాయి. నేరమేమిటో, శిక్ష ఎంతో, తమ తరఫున వాదించేవారు ఉంటారో లేదో కూడా తెలియని నిరక్షరాస్యులు వారిలో ఎందరో. తమ గోడు చెప్పుకునే తీరు తెలియక కటకటాల వెనుక మగ్గిపోతున్నారు. జాలి ఒక్కటే వారిని బయటకు తేలేదని, చట్టం తెలిసిన ఆడమనిషి వారి పక్కన నిలబడాలని దుర్గాబాయి గ్రహించారు. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పానికి బీజం పడింది అక్కడే.

చిన్ననాడే బడి మానిన వ్యక్తికి ఆ సంకల్పం సులువైనది కాదు. విడుదలయ్యాక బనారస్‌ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌ పరీక్షకు ప్రైవేటుగా కూర్చుని ఉత్తీర్ణులయ్యారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోతే ఆడపిల్లలకు వసతి గృహం లేదన్న సమస్య ఎదురయింది. చదువుకోవాలన్న కోరిక ఉన్న అమ్మాయిలను కూడగట్టి ఆమే వసతి గృహానికి శ్రీకారం చుట్టారు. రాజనీతి శాస్త్రంలో పట్టాలు పొంది, అనంతరం మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసి 1942లో అక్కడి హైకోర్టులో న్యాయవాద వృత్తి ప్రారంభించారు. మహిళా న్యాయవాదులు వేళ్లమీద లెక్కించదగినంత మందే ఉన్న ఆ రోజుల్లో హత్య కేసులను సైతం చేపట్టి వాదించారు.

ఆశ్రయమే తొలి రక్షణ

న్యాయవాది కాకమునుపే, 1937లో ఆమె మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించారు. మైలాపూరులో కొద్దిమంది బాలికలతో మొదలైన చిన్న బృందం అలా సంస్థగా ఎదిగింది. వితంతువులు, భర్త విడిచిపెట్టినవారు, చదువు మధ్యలో ఆగిపోయినవారు అక్కడికి వచ్చి చేరారు. వారిని మెట్రిక్యులేషన్‌ పరీక్షకు సిద్ధం చేయడం, చేతిపనులు నేర్పడం, తలదాచుకోవడానికి చోటు చూపడం సభ బాధ్యతగా పెట్టుకుంది. కాలక్రమంలో హైదరాబాద్‌కు విస్తరించి ఆసుపత్రులు, పాఠశాలలు, కళాశాలలు నెలకొల్పింది.

దీనిలో ఒక సూక్ష్మం ఉంది. కొట్టే భర్తపై ఫిర్యాదు చేయమని ఇల్లాలికి సలహా ఇవ్వడం తేలిక. ఫిర్యాదు చేసిన రాత్రి ఆమె, ఆమె పిల్లలు ఎక్కడ పడుకోవాలి? మర్నాడు ఏం తినాలి? ఈ రెంటికీ జవాబు లేనప్పుడు ఎంత మంచి చట్టమైనా కాగితం మీదే మిగిలిపోతుంది. దుర్గాబాయి ముందు ఆశ్రయం, చదువు, జీవనోపాధి సమకూర్చి, వాటిపై చట్టాన్ని నిలబెట్టాలని చూశారు. తన మొదటి భర్త సుబ్బారావు మరణించాక ఆయన రెండో భార్యను సైతం ఆమె ఆదుకుని, హైదరాబాద్‌లో చేతిపనుల శిక్షణ ఇప్పించారు. లోకం సవతి అని పిలిచే మనిషిలో ఆమె చూసింది ఆసరా కోల్పోయిన మరో స్త్రీని.

రాజ్యాంగ సభ నుంచి ప్రణాళికా సంఘం వరకు

1946లో దుర్గాబాయి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల బృందంలో చోటు దక్కిన ఏకైక మహిళ ఆమే. స్త్రీలకు ఆస్తి హక్కు కల్పించే హిందూ కోడ్‌ బిల్లుకు గట్టిగా మద్దతు పలికారు. చేతిలో చిల్లిగవ్వ లేని స్త్రీకి ఎన్ని హక్కులున్నా గడప దాటే ధైర్యం రాదన్నది ఆమె అనుభవంలో తెలుసుకున్న సత్యం. ఆ బిల్లు ముక్కలై 1955, 1956లలో వేర్వేరు చట్టాలుగా వచ్చింది. కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమాన వాటాను ఆంధ్రప్రదేశ్‌ 1985లో అమలులోకి తేగా, దేశమంతటికీ అది 2005లో వర్తించింది.

1952 ఎన్నికల్లో ఓటమి ఎదురైనా ఆమె సేవలను వదులుకోవడానికి నెహ్రూ ఇష్టపడలేదు. ప్రణాళికా సంఘం సభ్యురాలిగా నియమితులయ్యారు. 1953 జనవరి 22న అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణి ద్వారకానాథ్‌ దేశ్‌ముఖ్‌ను రిజిస్టరు వివాహం చేసుకున్నారు. సాక్షులలో నెహ్రూ ఒకరు. అదే ఏడాది ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకై కేటాయించిన నాలుగు కోట్ల రూపాయలను గ్రామాలలోని స్త్రీలు, శిశువులు, వికలాంగుల సేవకు చేర్చడం ఆ బోర్డు పని. వయసు మీరిన మహిళలు తక్కువ కాలంలో పరీక్షలు పూర్తి చేసుకునే సంక్షిప్త విద్యా కోర్సులు 1958లో బోర్డు ద్వారానే మొదలయ్యాయి. మద్రాసులో పరీక్షించి చూసిన పద్ధతి అలా దేశమంతటికీ పాకింది.

చైనా పర్యటనతో కొత్త తలపు

1953లోనే ఆమె చైనా వెళ్లారు. అక్కడ కుటుంబ తగాదాలకు వేరుగా న్యాయస్థానాలు నడుస్తున్న తీరు ఆమెను ఆకట్టుకుంది. తిరిగి వచ్చాక బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు ఎం.సి.చాగ్లా, పి.బి.గజేంద్రగడ్కర్‌లతో, ప్రధాని నెహ్రూతో ఈ విషయమై చర్చించారు. దేశంలో కుటుంబ న్యాయస్థానాలు అవసరమన్న వాదనను తొలిసారి బలంగా ముందుకు తెచ్చినవారిలో ఆమె అగ్రగణ్యులు. ఆ తలపు ఫలించడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1974లో లా కమిషన్‌ కుటుంబ వివాదాలను సాధారణ దావాల మాదిరి విచారించరాదని సూచించింది. ఆంధ్ర మహిళాసభ వ్యవస్థాపకురాలు 1981 మే 9న కన్నుమూశారు. 1975లో పద్మవిభూషణ్‌ అందుకున్న ఆమెకు, కుటుంబ న్యాయస్థానాల చట్టాన్ని కళ్లారా చూసే అవకాశం మాత్రం దక్కలేదు. పార్లమెంటు ఆ చట్టాన్ని 1984లో ఆమోదించింది.

విడాకులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ వంటివన్నీ ఆ చట్టం ఒకే న్యాయస్థానం పరిధిలోకి తెచ్చింది. కక్షిదారులలో ఎవరు కోరినా విచారణ అంతరంగికంగా జరపాలి. సలహాదారులు ఉంటారు. న్యాయమూర్తుల నియామకంలో మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలి. నల్లకోట్ల గుంపును చూసి బెదిరిపోయే పల్లెటూరి ఇల్లాలు తన మాట తానే చెప్పుకునే వీలు ఇందులో ఉంది. అయితే సర్దిచెప్పి పంపడమే పరమార్థంగా భావించి, కొట్టేవాడి ఇంటికే మళ్లీ ఆమెను సాగనంపితే చట్టం ఉద్దేశం దెబ్బతింటుందన్న హెచ్చరికను కూడా మహిళా సంఘాలు చేస్తూ వచ్చాయి.

నేడు ఉన్న రక్షణ

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. దెబ్బలే కాక దూషణ, లైంగిక వేధింపు, డబ్బు అందకుండా చేయడం కూడా దీని ప్రకారం హింసే. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంటి నుంచి ఆమెను గెంటివేయడానికి వీల్లేదు. అత్తమామల పేరున ఉన్నంత మాత్రాన ఆమె నివాస హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. రక్షణ ఉత్తర్వు, నివాస ఉత్తర్వు, ఖర్చులు, నష్టపరిహారం, పిల్లల తాత్కాలిక సంరక్షణ కోరుతూ మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా మూడు రోజుల్లోపు తొలి విచారణ జరగాలని, అరవై రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. రక్షణ ఉత్తర్వును ధిక్కరిస్తే ఏడాది వరకు జైలు, ఇరవై వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మహిళా శిశు సంక్షేమ శాఖ పరిధిలోని రక్షణాధికారి దరఖాస్తు రాయడం నుంచి ఆశ్రయం చూపడం వరకు తోడ్పడాలి.

న్యాయవాదికి చెల్లించే స్తోమత లేదని వెనుకాడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయస్థాన ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు, 15100 నంబరుకు ఫోన్‌ చేయవచ్చు. ఆపదలో ఉన్న మహిళలకు 181, పిల్లలకు 1098, తక్షణ పోలీసు సాయానికి 112 నంబర్లు ఉన్నాయి.

మదురై జైలులో దుర్గాబాయి చూసిన స్త్రీలకు ఇవేవీ లేవు. నేడు చట్టం ఉంది, అధికారి ఉన్నారు, నంబరు ఉంది. అయినా పక్కింట్లో రాత్రిపూట ఏడుపు వినిపిస్తే అది వారి సంసార విషయమని తలుపు వేసుకునే అలవాటు మన వీధుల్లో పోలేదు. గృహహింస జరుగుతోందని నమ్మకం కలిగిన ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చని, సదుద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదని చట్టమే భరోసా ఇస్తోంది. జైలులో తోటి ఖైదీల గోడు విని న్యాయశాస్త్రం చదివిన మహిళ పుట్టిన గడ్డపై ఉన్న మనం, పొరుగింటి గోడు విని ఒక్క ఫోను చేయగలిగితే ఆమె మొదలుపెట్టిన పని ముందుకు సాగినట్లే.