యంత్ర విద్యోపాసకుడు జి. డి. నాయుడు

సిరిసిల్లలో నేతవీథుల వెంట నడచువానికి మనుష్యుల మాటకంటె ముందుగా మరమగ్గముల చప్పుడు వినబడును. నాడె అటునిటు పరుగిడుచుండ, ప్రక్కనే యొక చిన్న విద్యుత్ మోటారు అలుపెరుగక తిరుగుచుండును. జగిత్యాల చుట్టుపట్ల పసుపు చేలలో, వరిమళ్లలో, అట్టి మోటారే బావి గట్టున కూర్చుండి నీరు తోడును. ఉదయమున కోరుట్లలో బస్సెక్కిన విద్యార్థి బడిగంట కొట్టుసరికి జగిత్యాల చేరగలడు. మోటారును, బస్సును మన దినచర్యలో ఇంతగా కలిసిపోయినవి గనుక, అవి చెట్టు చేమలవలె తమంతట తామే మొలచినవని పిల్లలు తలంచిన వింత కాదు. కాని విద్యుత్ మోటారు ఈ దేశపు కర్మాగారమున మొదటిసారి తయారైనది 1937లో నని చెప్పుదురు. అంతకు పూర్వము అది సముద్రము దాటి రావలసిన వస్తువు. దానిని ఇచట పుట్టించిన ఇరువురిలో నొకరు, స్వయముగా బస్సు నడుపుటతో పేరు తెచ్చుకొన్న తెలుగువారు. చిన్ననాడే బడినుండి వెళ్లగొట్టబడినవారు. ఆయనయే కోయంబత్తూరు జి. డి. నాయుడుగారు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు సమీపమున గల కలంగల్ గ్రామమున జన్మించెను. వారిది తెలుగు మాతృభాషగా గల రైతు కుటుంబము. ఆ ప్రాంతమున ఇంట తెలుగును, అంగడిలో అరవమును మాటలాడు కుటుంబములు తరతరములుగా ఎన్నియో కలవు. బాలునకు చదువనిన గిట్టలేదు. తరగతిలో కూర్చుండి అక్షరములు దిద్దుటకంటె కాలువ గట్టున తిరుగుటయే అతని కిష్టము. తుదకొకనాడు ఉపాధ్యాయుని ముఖమున ఇసుక చల్లి, మూడవ తరగతిలోనే బడినుండి వెళ్లగొట్టబడెనని చెప్పుకొందురు. ఉపాధ్యాయులీ ముచ్చట విని సంతోషింపరు. సంతోషింపవలసిన పనియు లేదు. ఇసుక చల్లుటలో ప్రతిభ ఏమియు లేదు. అట్టి పిల్లవానికి అక్కరగా చూపదగినది ఆ బడిలో లేకపోయెననుట మాత్రము నిజము.

ఆ చూపదగినది కొన్నేండ్ల తరువాత దారిలో ఎదురైనది. ఆంగ్లేయుడగు నొక రెవిన్యూ అధికారి మోటారు సైకిలుపై ఆ పల్లెకు వచ్చెను. అది ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున తయారైన రడ్జి బండి, 1912 నాటిది. ఎద్దులు లేక, గుఱ్ఱము లేక, త్రొక్కువాడు లేక, పొగ వదలుచు పరుగెత్తు ఆ రెండు చక్రముల బండిని పల్లెవారందఱును చూచిరి. చూచి తమ పనులకు పోయిరి. నాయుడు మాత్రము దానిని మఱవలేకపోయెను. అట్టి బండి తనకు కావలెను. ఎక్కి తిరుగుటకు మాత్రమే కాదు, దాని కడుపులో నేమున్నదో చూచుటకు.

కొనుటకు చేత పైకము లేదు. అతడు కోయంబత్తూరు చేరి యొక హోటలులో వడ్డించు పనివాడుగా కుదిరెను. మూడేండ్లకు దగ్గఱగా ఎంగిలి బల్లలు తుడిచి, కాసు కాసు కూడబెట్టి, రమారమి 400 రూపాయలు చేర్చెను. ఆ పైకముతో మోటారు సైకిలు కొని ఇంటికి తెచ్చెను. తెచ్చినవాడు ఊరిలో ఊరేగలేదు. బండిని మర మరగా ఊడదీసి నేలమీద పరచెను. పెట్రోలును గాలిలో కలిపి ఆవిరిగా పంపు భాగమేది, ఆ ఆవిరిని అంటించు నిప్పురవ్వ ఎచటినుండి వచ్చును, ఆ మంట త్రోపునకు క్రిందికి పోయిన ముషలకమును మరల పైకి తెచ్చునదేది, దాని రాకపోకలను చక్రపు తిరుగుడుగా మార్చునదేది? ఏ గ్రంథమును, ఏ గురువును ఈ సంగతులు చెప్పలేదు. ఊడదీసిన వరుసకు వెనుకవరుసగా బిగించుచు పోయినచో బండియే సమాధానము చెప్పును. తప్పు బిగించిన కదలదు, సరిగా బిగించిన కదలును. ఇంతకంటె నిష్పక్షపాతియగు పరీక్షకుడు మఱియొకడు లేడు. ఈ పాఠము ముగియుసరికి నాయుడు మంచి మెకానికు అయ్యెను.

నడుమ ప్రత్తి వ్యాపారమున కొంత ధనము గడించి, బొంబాయిలో దానిని పోగొట్టుకొనుట జరిగినది. వ్యాపారులకిది సామాన్యము. 1920లో కోయంబత్తూరునందలి స్టేన్సు దొర చేయూతతో ఒక బస్సు సంపాదించి, పొల్లాచ్చి పళనిల మధ్య దానిని తామే నడిపిరి. పళని మురుగన్ కొండకు పోవు యాత్రికులతో ఆ దారి యెల్లపుడు సందడిగా నుండును. అయినను బాడుగ బండ్లు బేరములు సాగించు ఆ దినములలో వేళకు బయలుదేరి వేళకు చేరు బండియే జనులకు క్రొత్త. ఒక బస్సు పదియై, పది అనేకమై, యూనివర్సల్ మోటార్ సర్వీస్ అను పేరుతో దక్షిణదేశమున మిక్కిలి క్రమముగా నడచు రవాణా సంస్థలలో నొకటిగా ప్రసిద్ధి కెక్కెను. చెడిన బండిని బాగుచేయుటకు పరులపై ఆధారపడక, యజమానియే యంత్రము విప్పగలవాడగుట దీనికి ముఖ్యకారణమని తలంపవచ్చును.

ఇంతలో కోయంబత్తూరి స్థితియే మారిపోయెను. నీలగిరులలో పైకారా జలపాతమునుండి విద్యుచ్ఛక్తి ఉత్పత్తి 1932లో ప్రారంభమై, ఆ శక్తి కొండ దిగి మైదానమునకు వచ్చినది. ప్రత్తి మిల్లులు వరుసగా లేచినవి. ఆ సీమ బావులు లోతైనవి. ఎద్దులతో మోటతోలి అలసిన రైతులు విద్యుత్ పంపుల వైపు చూడసాగిరి. శక్తి ఇంటి గుమ్మము దాక వచ్చెను గాని, దానిని పనిగా మార్చు మోటారు విదేశమునుండి రావలెను. చెడినచో విడిభాగమును విదేశమునుండియే రావలెను, ఆలోపల పైరెండిపోవును.

ఈ కొఱత నాయుడుగారి దృష్టి నాకర్షించెను. డి. బాలసుందరము నాయుడుగారితో కలిసి పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అను కర్మాగారమున వారు పని కారంభించిరి. మోటారు పైకి చూచుటకు సులభమైన వస్తువు. ఇనుప పెంకులో పలుచని ఉక్కురేకులు పొరలుగా పేర్చి, వాని గాళ్లలో రాగితీగ చుట్టలు చుట్టి యుందురు. మూడు తీగలలో వచ్చు విద్యుత్తు ఒకేసారి పరాకాష్ఠ నందదు. ఒకదాని వెంట నొకటి అందును. అందుచేత చుట్టలలో పుట్టిన అయస్కాంతపు లాగుడు ఒకచోట నిలువక గుండ్రముగా తిరుగుచుండును. మధ్యనున్న ఇరుసు దానిని వెన్నంటి తిరుగును. ఇరుసునకు ఏ తీగయు తగులదు. తాకకయే త్రిప్పుట దీని వింత. కాని వెలుపలి రేకులకును, తిరుగు ఇరుసునకును నడుమ సందు ఒకటి రెండు పోస్టుకార్డుల మందమునకు మించరాదు. ఎక్కువైన బలము తగ్గును, తక్కువైన రాచుకొనును. తీగపై పూత ఒకచోట పగిలినచో చుట్ట మాడిపోవును. వెలుపలి తీగలు వచ్చి కలియు బిగింపు వదులైనచో ఆ కొనయొద్దనే వేడి పుట్టి మంట రేగును. ఇవి పుస్తకము చదివినంత మాత్రమున పట్టుబడునవి కావు. పదిమార్లు చెడి నేర్వవలసినవి.

1937లో వారి మోటారు తిరిగినది. పిమ్మట బాలసుందరము నాయుడుగారు టెక్స్‌టూల్ అను సంస్థను నెలకొల్పి వస్త్రయంత్ర నిర్మాణమునకు పూనుకొనిరి. కాలక్రమమున కోయంబత్తూరు పరిసరములు మోటారులకును, పంపులకును దేశమెల్ల పేరుపొందినవి. తెలంగాణపు బావుల కడ నేటికిని కోయంబత్తూరు ముద్రగల పంపులు కానవచ్చుట ఆ చరిత్రలోని ఫలమే.

నాయుడుగారు అంతటితో నిలువలేదు. నిలుచుట వారి స్వభావము కాదు. జర్మనీ వెళ్లి, పొడి బ్యాటరీ ఘటములతో తిరుగు చిన్న మోటారుగల క్షుర యంత్రమును రూపొందించి, రసాంత్ అను పేర అచటనే తయారు చేయించిరి. మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేడులు, చలనచిత్రపు కెమెరాకు దూరమును సరిచూచు సాధనము, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా మున్నగునవి వారి చేతి పనులే. ఛాయాగ్రహణమన్నను వారికి మక్కువ. 1936 జనవరిలో లండనునందు అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగా చలనచిత్రముగా తీసిరి. అదే కాలమున శాసనసభ ఎన్నికలలో నిలిచి ఓడిపోయిరి. ఓటమితో వారు రాజకీయములకు దూరమైరేమో గాని, ఓటును మాత్రము వదలలేదు: మోసమునకు తావులేకుండ ఓట్లను నమోదుచేయు యంత్రమును కూడ కల్పించిరి. మన దేశపు ఎన్నికలలో విద్యుత్ ఓటుయంత్రమును మొదట ప్రయోగించినది 1982లో, కేరళలోని పరవూరునందు. అప్పటికి నాయుడుగారు లేరు.

సామాన్యునకు అందుబాటు ధరలో యంత్రము నందించుట వారి పట్టుదల. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు తయారుచేయగలనని 1941లో ప్రకటించిరి. 1952లో ఇద్దఱు కూర్చుండు పెట్రోలు కారును సిద్ధపఱచిరి. దాని వెల 2,000 రూపాయలు. అయితే 1951 పారిశ్రామిక చట్టము వచ్చిన పిదప, అట్టి పరిశ్రమకు కేంద్రప్రభుత్వపు అనుజ్ఞ అవసరమయ్యెను. అనుజ్ఞ లభింపలేదు. కారు ఆగిపోయెను. ప్రభుత్వము పక్షమునను చెప్పదగిన మాటలుండవచ్చును. క్రొత్తగా స్వతంత్రమైన దేశమున ఉక్కును, విదేశమారకమును పొదుపుగా వాడవలసి యుండెను. అయినను మూడేండ్లు బల్లలు తుడిచి బండి కొన్నవాడు, ఇతరులు అన్నేండ్లు తుడువనక్కఱ లేకుండ చేయబూనగా, కాగితమొకటి అడ్డుపడుట విచారింపదగిన సంగతియే.

ఇంతకంటె ఉపాధ్యాయులు మనసు పెట్టి వినవలసిన తగవు మఱియొకటి కలదు. 1944లో నాయుడుగారు మోటారు వ్యాపారపు బాధ్యతలనుండి తప్పుకొని, పరిశోధక విద్యార్థులకు, పనివారి సంక్షేమమునకు దానములు ప్రకటించిరి. వారి విరాళములతో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, దాని ననుసరించి 1945లో ఆర్థర్ హోప్ సాంకేతిక కళాశాల వెలసినవి. అప్పటి మద్రాసు గవర్నరు పేరు వానికి పెట్టబడెను. ప్రిన్సిపాలు పదవి నలంకరించినది నాయుడుగారే. మూడవ తరగతి దాటనివాడు ఇంజనీరింగు కళాశాలకు అధిపతి! పట్టభద్రులు కొందఱు నొసలు చిట్లించి యుందురు.

పదవి చేపట్టిన నాయుడుగారికి పాఠ్యక్రమమే మొదట కంటబడెను. నాలుగేండ్ల చదువు దండుగయని, ఆ విద్యను రెండేండ్లలో నేర్పవచ్చునని వారి వాదము. విద్యార్థి యంత్రశాలలో చేతులు నల్లచేసుకొని నేర్చినచో పుస్తకము సగము కాలముననే అర్థమగునని వారి అనుభవము. ఆంగ్ల ప్రభుత్వమందుకు అంగీకరింపలేదు. ఈ తగవున ఎవరిది న్యాయమనుట సులభము కాదు. వంతెన కట్టువానికి గణితము పూర్తిగా రావలెను; అది తొందరపెట్టిన రాదు. మోటారు సైకిలు తప్పు బిగించిన కదలక ఊరకుండును, వంతెన తప్పు కట్టిన కూలి జనులను చంపును. కాని నాలుగేండ్లు చదివి, మరచుట్టు పట్టుటకు జంకు పట్టభద్రుని చూచినవారికి నాయుడుగారి కోపమును అర్థమగును. నచ్చని పద్ధతిని నడుపుచు పదవిలో కూర్చుండుట వారికి చేతకాలేదు. రాజీనామా చేసి వెలికి వచ్చిరి.

వెలికి వచ్చినను నేర్పుట మానలేదు. పోదనూరు తోటలో సేద్యముమీద ప్రయోగములు సాగించి పది అడుగుల యెత్తు ప్రత్తిచెట్లను పెంచిరి. సర్ సి. వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగార్ల వంటివారు ఆ తోటను చూడవచ్చిరి. 1967లో ఒక ఇంటికి ఉదయము పునాది వేసి, పదునొకండు గంటలలో గృహప్రవేశమునకు సిద్ధము చేయించిరి. కొందఱికిది గారడివలె తోచినది. పనిని ముందుగా భాగములుగా విడదీసి, ప్రతి భాగమును వేఱువేఱుగా సిద్ధపఱచి, వరుస తప్పక బిగించుటయే అందలి కిటుకు; ఆనాడు నేలపై పరచిన రడ్జి బండి పాఠమే అది.

1974 జనవరి 4వ తేదీన నాయుడుగారు కన్నుమూసిరి. వారు కూర్చిన యంత్రములు కోయంబత్తూరు అవినాశి రోడ్డునందలి ప్రదర్శనశాలలో నిలిచినవి. బడిపిల్లలు బారులుగా వచ్చి చూచి పోవుదురు. వారు రాజీనామా చేసిన కళాశాలయు పెరిగి, ప్రభుత్వ సాంకేతిక కళాశాల అను పేరుతో వర్ధిల్లుచున్నది. అచట ఇంజనీరింగు పట్టమునకు చదువు నేటికిని నాలుగేండ్లే.