మన గోదావరిని గీసిన దామెర్ల రామారావు



మీ అబ్బాయో అమ్మాయో లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో పడవలూ కొబ్బరిచెట్లూ గీస్తుంటే కోప్పడుతున్నారా? ఈ కథ చదివి అప్పుడు ఆలోచించండి.

మన యానాం పక్కన పారే గౌతమి, ధవళేశ్వరం దిగువన గోదావరి చీలితే వచ్చిన పాయ. ధవళేశ్వరానికి కాస్త ఎగువన రాజమండ్రి. దామెర్ల రామారావు గారు అక్కడే 1897 మార్చి 8న పుట్టారు. చిన్నప్పటినుంచీ ఆయన ధ్యాసంతా బొమ్మల మీదే. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన. ఆయనా చిత్రకారుడే. ఈ కుర్రాడి చేతిలో ఏముందో కనిపెట్టి, దగ్గరకు తీసి, బొంబాయి జె.జె. కళాశాలలో చేరడానికి సాయం చేశారు. రచయితా చిత్రకారుడూ అయిన అడివి బాపిరాజు గారు కూడా ఆ గురువు శిష్యుడే.

బొంబాయిలో పేరు తెచ్చుకున్నాక రామారావు గారు అక్కడే ఉండిపోలేదు, రాజమండ్రి తిరిగొచ్చేశారు. ఎందుకో ఆయన బొమ్మలు చూస్తే తెలుస్తుంది. తూర్పు కనుమల మధ్య గోదావరి, మన ఆడవాళ్ల కట్టూబొట్టూ, మన పురాణకథలు. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ వాటిలో పేరున్నవి. గొప్ప బొమ్మ వెయ్యాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, మన ఏరూ మన మనుషులూ చాలని ఆయన పని చెబుతుంది. తనకు వచ్చింది తనతోనే ఉంచుకోలేదు కూడా. రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల పెట్టారు. ఇంట్లో భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా కుంచె పట్టారు.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. పిల్లలూ, టీకాలతో 1980 నాటికి లోకంలోనే లేకుండా పోయిన జబ్బు అది. టీకా సూది అంటే ఏడుపొచ్చినప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

ఆయన పోయినా బొమ్మలు చెల్లాచెదురై పోలేదు. మిత్రులు వరదా వెంకటరత్నం గారు పాఠశాల భారం తలకెత్తుకున్నారు. ఇంట్లోవాళ్లూ మిత్రులూ దాచిన చిత్రాలే ఇవాళ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. భార్య, చెల్లెలు వేసినవీ అక్కడే చూడొచ్చు.

ఈసారి రాజమండ్రి వెళ్లినప్పుడు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. వచ్చాక ఓ సాయంత్రం డ్రాయింగు పుస్తకం ఇచ్చి మన గౌతమి గట్టున కూర్చోబెట్టండి. బొమ్మ ఎలా వచ్చినా పారెయ్యకండి, తేదీ వేసి దాచండి.