రాయవేలూరు డాక్టరమ్మ ఐడా స్కడర్

మన సరిహద్దు పల్లెలలో జబ్బు ముదిరిందంటే పెద్దల నోట ముందుగా వచ్చే మాట రాయవేలూరు ఆసుపత్రి. చిత్తూరు, గుడియాత్తం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు తరతరాలుగా పరిచితమైన ఆ సంస్థ 1900లో ఒకే ఒక్క మంచంతో ఆరంభమైనది. దానికి పునాది వేసిన మహనీయురాలు డాక్టర్ ఐడా సోఫియా స్కడర్.

ఆమె 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. తాతగారైన జాన్ స్కడర్ 1819లో అమెరికా నుండి బయలుదేరి సింహళానికి, అటుపిమ్మట మద్రాసుకు వచ్చిన మిషనరీ వైద్యులు. తండ్రి కూడా వైద్యులే. 1876-78 నాటి ధాత కరువులో ఆకలితో అలమటించే పిల్లలకు రొట్టె ముక్కలు పంచిన చిన్నారి చేతులు ఐడావి. ఆ దుఃఖదృశ్యాలు చూసిన మనస్సు ఈ దేశపు పేదరికానికి దూరంగా, అమెరికాలో సుఖంగా బ్రతకాలని కోరుకున్నది. చదువుకై అక్కడికి వెళ్లిన ఆమె 1890లో తిరిగి వచ్చినది కూడా తల్లి అనారోగ్యం కారణంగానే.

అప్పుడు వారి నివాసం తిండివనం. ఒక రాత్రి ముగ్గురు పురుషులు, ఒకరి తరువాత ఒకరు, వారి గుమ్మం ముందు నిలిచారు. ముగ్గురి భార్యలూ ప్రసవవేదనతో ప్రాణాపాయంలో ఉన్నారు. ఐడా తనకు వైద్యం రాదనీ, తన తండ్రిని పంపగలననీ చెప్పారు. పరపురుషుడు తమ స్త్రీలను తాకరాదని చెప్పి ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ కన్నుమూశారు. వీధిలో వినవచ్చిన చావు డప్పు ఆ యువతి జీవితమార్గాన్ని మార్చివేసినది. వైద్యం నేర్చి ఈ స్త్రీలకే సేవ చేయాలని ఆమె నిశ్చయించుకున్నారు.

1899లో అమెరికాలోని కార్నెల్ వైద్య కళాశాల నుండి పట్టం పుచ్చుకుని, మరుసటి ఏడు వేలూరు చేరారు. అండగా ఉండవలసిన తండ్రి ఆ సంవత్సరమే మరణించారు. అయినను ఆమె వెనుదీయక ఇంటిలోని చిన్న గదిలోనే రోగులను చూడసాగారు. న్యూయార్కు బ్యాంకరు షెల్ తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పదివేల డాలర్లతో 1902లో నలభై మంచాల స్త్రీల ఆసుపత్రి వెలసినది.

ఆసుపత్రి దాకా రాలేని వారి మాటేమిటి? ఈ ప్రశ్నకు ఆమె చూపిన సమాధానం ఎంతో సరళమైనది. వారానికొకసారి మందుల పెట్టెతో గుడియాత్తం దారి పట్టేవారు. తొలుత ఎద్దులబండి, అటుతరువాత మోటారుకారు. దారిలో చెట్ల నీడన వేచియున్న పల్లెవాసుల పుండ్లు కడిగి కట్టు కట్టడం, కళ్లలో మందు వేయడం, పుచ్చిన పళ్లు తీయడం, అంటరానివారిని, కుష్ఠురోగులను సైతం తన చేతులతో తాకడం ఇవే ఆమె పనులు. పొరుగువానిని ప్రేమించుమన్న క్రీస్తు బోధకు ఆమె ఆచరణలో ఇచ్చిన అర్థమిది.

తానొక్కతె చాలదని గ్రహించి 1918లో బాలికలకు వైద్య పాఠశాల తెరిచారు. ముగ్గురైనా చేరరని పెద్దలు శంకించగా 151 దరఖాస్తులు వచ్చినవి. 1922లో తొలి జట్టు పట్టభద్రులు పదునలుగురు బయటికి వచ్చారు. నాటి మూడు చావులకు ఆమె చెప్పిన జవాబు ఈ ఆడపిల్లలే. 1942లో అది ఎం.బి.బి.ఎస్. కళాశాలగా ఎదిగినది. 1947 నుండి పురుషులకూ ప్రవేశం లభించినది.

అవివాహితగా జీవించిన ఐడా 1960 మే మాసంలో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. నేడు రాయవేలూరులో కనిపించే పెద్ద భవనాలకు మూలం చెట్టు నీడన కట్టిన ఆ చిన్న కట్లే. పొరుగింట జ్వరంతో పడియున్న వారికి గంజి కాచి ఇవ్వడం, ఒంటరి వృద్ధులను ఆసుపత్రికి తోడ్కొనిపోవడం డాక్టరు చదువు లేని మనకూ సాధ్యమే కదా!