కౌంటు జిన్‌జెన్‌డార్ఫు: సమాధుల తోటలో ఈస్టరు వేకువ

ఈస్టరు దినమున తెల్లవారకముందే సమాధుల తోటకు పోవుట మన తెలుగు క్రైస్తవులలో పలువురకు చిన్ననాటినుండి అలవాటే. ముందురోజుననే కలుపు తీసి, సమాధులకు సున్నము వేసి, వేకువను పూలును క్రొవ్వొత్తులును కొనిపోయి పాటలు పాడుదురు. పండుగనాడు శ్మశానమునకేల పోవలెనని చిన్నపిల్లలు అడుగుట కలదు. ఆ ప్రశ్నకు ఒక మనుష్యుని జీవితము సమాధానము చెప్పగలదని తోచి, ఆయన చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాను.

నికొలాస్ లుడ్విగ్ జిన్‌జెన్‌డార్ఫు 1700 సం. మే నెల 26వ తేదీన జర్మనీలోని డ్రెస్డెను పట్టణమున ఒక గొప్ప ప్రభువంశమునందు జన్మించెను. పుట్టిన కొలది వారములకే తండ్రి మరణించెను. తల్లి మరల వివాహమాడుటచే బాలుడు భక్తురాలైన మాతామహి యింట పెరిగెను. పదియవ యేట హల్లే పట్టణమున ఫ్రాంకె గారి పాఠశాలలో చేరెను. తరంగంబాడి మిషనరీలకు ఆధారముగా నుండిన స్థలమదియే. తరువాత 1740 దశకమున తెలుగు క్రైస్తవ గ్రంథములు అచ్చయినదియు నక్కడనే. దూరదేశముల సువార్తపనిని గూర్చిన తలంపు అచ్చటనే ఆ బాలుని మనస్సున నాటుకొనెను.

పెద్దలు ఆయనను రాజసేవకుగాను న్యాయశాస్త్రమునకు పెట్టిరి. 1719లో దేశాటనము చేయుచు డుస్సెల్డార్ఫు చిత్రశాలలో ముండ్లకిరీటము ధరించిన క్రీస్తు చిత్రమును చూచెను. నేను నీకొరకు ఇంత చేసితిని, నీవు నాకేమి చేసితివను భావము గల మాటలు దాని క్రింద నుండెను. ఆయనకు భక్తి క్రొత్త కాదు. అయినను ఆ ప్రశ్న ఆయనను జీవితాంతము విడువలేదు.

1722లో బెర్తెల్స్‌డార్ఫు జమీని కొనెను. ఆ యేటనే మొరేవియా దేశమున మతహింసకు తాళలేక పారివచ్చిన కొన్ని కుటుంబములు ఆశ్రయము వేడగా నొక కొండయండ స్థలమిచ్చెను. క్రిస్టియన్ డేవిడ్ అను వడ్రంగి జూను 17వ తేదీన మొదటి చెట్టును నరికెను. ఆ పల్లెకు ప్రభువు కాపుదల అను అర్థమువచ్చునట్లు హెర్న్‌హుట్టు అని పేరిడిరి. అయిదేండ్లలోనే సిద్ధాంతముల విషయమై కలహములు పుట్టి ఊరు చీలిపోవునట్లాయెను. కౌంటు రాజోద్యోగమును ప్రక్కకుబెట్టి, ఇంటింటికి పోయి, మాటలాడి సమాధానపరచెను. 1727 ఆగస్టు 13వ తేదీన అందరు కూడి ప్రభురాత్రి భోజనము పుచ్చుకొనిరి. ఆ సంఘము దానిని తన పునర్జన్మ దినముగా నెంచును.

1730లో హుట్‌బెర్గు కొండ వాలున సమాధుల తోటను ఏర్పరచిరి. దానికి దేవుని పొలమని పేరు. ఈ పేరును గమనింపుడు: పొలములో విత్తుదురు గాని పారవేయరు. పురుషులొక వైపునను స్త్రీలొక వైపునను మరణించిన వరుసనే ఉందురు. కూలివాడైనను పండితుడైనను ఒకే రీతి రాయి నేలకు చదునుగా పరుతురు. 1732 ఏప్రిలు 13వ తేదీ ఈస్టరు. అవివాహితులైన సహోదరులు కొందరు రాత్రియంతయు ప్రార్థనలో గడిపి, తెల్లవారకముందే అచ్చటికి పోయి, సూర్యోదయమువరకు పాటలు పాడిరి. మరుసటి యేట సంఘమంతయు వారితో పోయెను. ఆ సంఘపు ఈస్టరు ఆరాధనలో గడచిన సంవత్సరమున చనిపోయిన వారిని తలచుకొందురు. ఖాళీ సమాధిని గూర్చిన వార్తను మన ఖాళీ కాని సమాధులయొద్ద నిలిచి వినుటయే దాని ప్రాణము. దేవాలయమున పూలనడుమ అదే వార్తను నమ్ముట సులభము. నిన్న పూడ్చిన బిడ్డ ప్రక్కను నమ్ముట వేరు.

కౌంటుకు ఈ వేరు బాగుగా తెలియును. ఆయనకు కలిగిన పండ్రెండుగురు బిడ్డలలో ఎక్కువమంది పసితనముననే పోయిరి.

ఆ 1732లోనే ఆగస్టు నెలలో డోబరు, నిట్ష్‌మన్ అను ఇరువురు సహోదరులు వెస్టిండీసులోని సెంటు థామస్ దీవి బానిసలకు సువార్త చెప్పుటకు బయలుదేరిరి. 1736లో సాక్సనీ ప్రభుత్వము కౌంటును దేశమునుండి వెడలగొట్టగా ఆయన ఊరూర తిరిగెను. 1737లో బిషప్పుగా అభిషేకము పొందెను. 1739లో సెంటు థామస్ దీవికి పోయి, చెరలోనున్న మిషనరీలను విడిపించెను. అయితే అచ్చటి బానిసలకు దాస్యము దేవుడు నియమించినదే గాన యజమానులకు లోబడుడని బోధించెను. సమాధిలో సమానులని యెంచినవానికి పొలములో వారు సమానులుగా కనబడకపోవుట చూడగా విచారము కలుగుచున్నది; దీనిని దాచుట న్యాయము కాదు.

1741 క్రిస్మసు ముందురాత్రి అమెరికాలోని క్రొత్త పల్లెకు బేత్లెహేమని పేరుపెట్టెను. 1747లో స్వదేశమునకు మరల అనుమతి దొరకెను. ఆ కాలముననే హెర్న్‌హాగు సంఘమున యౌవనస్థుల భక్తి హద్దుమీరి నవ్వులపాలాయెను. వారి నాయకుడు కౌంటుకు మిగిలిన యొక్క కుమారుడే, క్రిస్టియన్ రెనాటుస్. తండ్రి అతనిని గద్దించి లండనునకు పిలిపించుకొనెను. తండ్రి బోధలోని అతిశయోక్తులే కుమారుని ఆ దారి పట్టించెనని నా అభిప్రాయము. ఆ యువకుడు 1752లో, ఇరువది నాలుగేండ్ల ప్రాయమున, క్షయరోగముచే మరణించెను. 1756లో భార్య ఎర్డ్‌ముతె పోయెను. మరుసటి యేట కౌంటు అన్నా నిట్ష్‌మన్‌ను వివాహమాడెను.

1760 మే నెల 9వ తేదీన హెర్న్‌హుట్టులో జిన్‌జెన్‌డార్ఫు కన్నుమూసెను. ఆ సంవత్సరముననే మొరేవియను సహోదరులు మన దక్షిణదేశపు తరంగంబాడికి చేరిరి. ఆయనను దేవుని పొలముననే పాతిపెట్టిరి. ఆయనయు ఆయన కుటుంబమువారును ఉన్న సమాధులు మాత్రము నడుమ త్రోవలో ఎత్తుగా, పెద్దవిగా కట్టబడినవి, తక్కినవన్నియు చదునే. 2024లో ఆ యూరు యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చబడినది. ఈస్టరు వేకువను ఇప్పటికిని అచ్చటివారు ఇత్తడి వాద్యములతో కొండ యెక్కి, ఆ రాళ్ల నడుమ తూర్పుముఖముగా నిలుతురు.