రాత్రి వార్డులో యల్లాప్రగడ సుబ్బారావు

అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంటు చదువుకు దరఖాస్తు పెట్టినవారిని చాలా కళాశాలలు మార్కులతోపాటు ఇంకొక లెక్క అడుగుతాయి. రోగుల దగ్గర ఎన్ని గంటలు పనిచేశారన్నదే ఆ లెక్క. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆ చదువు మొదలైనప్పుడు చేరిన తొలి విద్యార్థులు నౌకాదళంలో రోగుల సేవ చేసి వచ్చినవాళ్ళే. అందుకే ఆ పద్ధతి నిలిచింది. మన కర్నూలు, కడప జిల్లాల నుంచి పై చదువులకు పోగోరే పిల్లలు కొందరు ఈ మాట వినగానే మొహం చిట్లిస్తారు. డిగ్రీ చదివినవాడు బెడ్‌పాన్లు ఎత్తడమేమిటని వారి సందేహం. అలాంటివారు తప్పక తెలుసుకోదగిన జీవితం డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక, గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కున్నందుకు శస్త్రచికిత్స ఆచార్యుల ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే బయటికి రావలసి వచ్చింది. అంతకంటె పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బు కొద్ది రోజుల తేడాలో ఆయన అన్ననూ తమ్ముణ్ణీ పొట్టన పెట్టుకుంది.

కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతోనూ 1920ల తొలి సంవత్సరాలలో బోస్టన్ చేరారు. హార్వర్డులో సీటయితే దొరికింది గాని చేతిలో డబ్బు లేదు. మన దేశపు పట్టాతో అక్కడ డాక్టరు కొలువు రాలేదు. అప్పుడాయన పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా కుదిరారు. రోగుల బెడ్‌పాన్లు, మూత్రపు పాత్రలు కడిగారు. పగలు చదువు, రాత్రి వార్డు. వైద్య పట్టా జేబులో ఉన్నవాడు చేసిన పని ఇది!

ఆ పని ఆయన ఎవరి మెప్పు కోసమో చేయలేదు, పొట్టకూటి కోసం చేశారు. ఆ వార్డే ఆయన్ను శాస్త్రజ్ఞుణ్ణి చేసిందంటే అది మన కల్పన అవుతుంది. అయితే ఆ పని తక్కువదని మానుకుని ఉంటే మాత్రం హార్వర్డు చదువు నిలిచేది కాదు.

తరువాతి కథ లోకానికి తెలిసినదే. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.ల మీద పరిశోధన చేశారు. 1930లో పిహెచ్.డి. వచ్చింది, హార్వర్డులో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు అది మందయింది. బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్తక్యాన్సరుకు ఫార్బర్ వాడి చూసిన అమినాప్టెరిన్, 1948లో వచ్చిన ఆరియోమైసిన్ ఆ ప్రయోగశాల నుంచి వెలువడినవే. ఆ ఏడాది ఆగస్టులోనే, 53వ ఏట, స్వదేశాన్ని మళ్ళీ చూడకుండానే ఆయన కన్నుమూశారు.

ఈపొద్దు ఆలూరులోనో, పులివెందులలోనో ఆశా కార్యకర్త గర్భిణీ చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. మన సీమ పల్లెలకు ఆయన ఋణం అట్లా అందుతూనే ఉంది.

విద్యార్థి మిత్రులారా! కర్నూలు పెద్దాసుపత్రికి పత్తికొండ, ఆదోనిల నుంచే గాక గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా జనం వస్తారు. ఓ.పి. చీటీ ఎక్కడ రాస్తారో తెలియక నిలబడిపోయే ముసలాయన, కాన్పు వార్డు బయట దిక్కుతోచని తల్లి మీకు రోజూ కనబడతారు. కడప రిమ్స్‌లోనూ అంతే. పెద్దల అనుమతి తీసుకుని, నర్సమ్మలు చెప్పినట్లు నడుచుకుంటూ అక్కడ చేయి కలపండి. గంటలు లెక్క రాసుకోండి, తప్పులేదు. కాని రోగి మన దరఖాస్తు కోసం జబ్బు పడలేదు. లెక్క పూర్తయిన మరునాడు కూడా ఆ వార్డుకు పోవాలనిపిస్తే, వైద్యవృత్తికి మీరు తగినవారేనని నమ్మవచ్చు. అనిపించకపోతే, ఆ సంగతి ముందే తెలియడమూ మేలే.