ఆర్కిడ్ల విద్వాంసుడు జాన్ లిండ్లీ

వృక్షశాస్త్రము నభ్యసించు బాలబాలికలు తెలిసికొనదగిన మహనీయులలో జాన్ లిండ్లీ యొకడు. ఆర్కిడ్ల శాస్త్రమునకు పునాది వేసినవారిలో ఆయన ముఖ్యుడని విద్వాంసులు కొనియాడుదురు. ఆయన చరిత్రమును సంగ్రహముగా నిట వ్రాయుచున్నాము.

లిండ్లీ 1799వ సంవత్సరమున ఇంగ్లాండు దేశమున నారిచ్ పట్టణమునకు సమీపమందున్న కాటన్ గ్రామమున జన్మించెను. తండ్రి మొక్కలను పెంచి యమ్మి జీవించువాడు. ఆ వ్యాపారమున అప్పులే మిగిలినందున కుమారుని విశ్వవిద్యాలయమునకు పంపజాలకపోయెను. పిమ్మట ఆ యప్పుల భారమును కుమారుడే వహించెను. చిన్ననాటినుండి ఆయనకు ఒక కన్ను కనబడదు. అయినను చదువు మానలేదు. 1819లో లండను నగరమున సర్ జోసఫ్ బ్యాంక్సు గ్రంథాలయమున సహాయకుడుగా చేరెను. 1822లో ఉద్యానసంఘమువారి చిజ్విక్ తోటలో ఉద్యోగియయ్యెను. విశ్వవిద్యాలయమున చదువని యా బాలుడే 1829 మొదలు 1860 వరకు లండను విశ్వవిద్యాలయ కళాశాలలో వృక్షశాస్త్రాచార్యుడుగా నుండెను.

ఆర్కిడ్లలో పెక్కు జాతులు నేలలో మొలవక చెట్టుకొమ్మల నంటిపెట్టుకొని బ్రదుకును. మన తూర్పుకనుమల యడవులలో సైతము వీనిని చూడవచ్చును. బదనికవలె ఇవి చెట్టు రసమును పీల్చవు. వీని వేళ్ళకు దూదివంటి తెల్లని పొర యుండును. అది వానచినుకులను పీల్చుకొని వేరునకిచ్చును. పిమ్మట గాలికి త్వరలో నారిపోవును. తడి యెంత యవసరమో గాలియు నంత యవసరము.

ఆ కాలమున ఇంగ్లాండు తోటమాలులు ఈ సంగతిని బాగుగా నెరుగరు. ఉష్ణదేశముల మొక్కలన్నిటికిని మిక్కుటమగు వేడిమి కావలెనని తలచి, వానిని మూసిన గాజుగృహములలో నుంచిరి. 1830లో లిండ్లీయు ఉద్యానసంఘమున చదివిన వ్యాసమున అధికమగు వేడిమి, తేమ, నీడ కావలెనని చెప్పెను. గొప్ప పండితుని మాటయని యెల్లరు నట్లే చేసిరి. దూరదేశములనుండి యోడలపై వచ్చిన మొక్కలు వేలకొలదిగా చచ్చెను.

లిండ్లీ తన మాటనే పట్టుకొని కూర్చుండలేదు. అడవులలో మొక్కలను సేకరించినవారు పంపిన వార్తలను శ్రద్ధగా పరిశీలించెను. పెక్కు ఆర్కిడ్లు చల్లని రాత్రులు గల యెత్తైన కొండలమీద, గాలి వీచు తావుల పెరుగుచున్నవని తెలిసికొని, ఆ విషయములను తాను సంపాదకత్వము వహించిన పత్రికలో ప్రకటించెను. ఆయన మిత్రుడగు జోసఫ్ పాక్స్టన్ చాట్స్‌వర్త్ తోటలో ఆర్కిడ్లకు గాలి వచ్చునట్లు చేసి చక్కగా పెంచెను.

కుండీ మార్చుటయందును ఇదియే సూత్రము. వేళ్ళు క్రిక్కిరిసి కుండీ వెలుపలికి వచ్చినంతమాత్రమున మొక్కకు రోగమని భయపడరాదు. అడుగున వేసిన బెరడు కుళ్ళి మెత్తబడి గాలి యాడనప్పుడు మార్పు అవసరము. పూలు రాలిన పిమ్మట క్రొత్త వేళ్ళు తలయెత్తుచుండగా మొక్కను మెల్లగా బయటికి తీయవలెను. మెత్తబడి గోధుమవన్నెకు తిరిగిన వేళ్ళను పదునైన కత్తితో కోసివేసి, గట్టివగు వేళ్ళ నుంచవలెను. కుండపెంకులు, బొగ్గు, బెరడుముక్కలు వేసి, మునుపటికంటె కొంచెము మాత్రమే పెద్దదగు కుండీలో నాటవలెను. మిక్కిలి పెద్ద కుండీలో తడి నిలిచి వేళ్ళు కుళ్ళును. నాటిన పిదప కొన్నిదినములు నీరు మితముగా పోయవలెను.

లిండ్లీ 1821లో కాట్లియా యను ఆర్కిడ్డు జాతికి నామకరణము చేసెను. 1830 మొదలు 1840 వరకు ఆర్కిడ్ల జాతులను వర్ణించు గొప్ప గ్రంథమును ప్రకటించెను. క్యూ ఉద్యానము మూతపడునేమో యని యెల్లరు భయపడుచుండగా, 1838లో పాక్స్టన్ మొదలగువారితో కూడి దానిని పరీక్షించి, అది దేశమునకంతకు నుపయోగపడునట్లు నిలుపవలెనని నివేదించెను. ఆయన 1865లో మరణించెను. ఆయన జీవితకాలమంతయు కూర్చిన యెండు ఆర్కిడ్ల సంచయము ఆ క్యూ ఉద్యానమునకే చేరెను.

పండితుడు ముందు చెప్పినది మార్చుకొనుట చిన్నతనమని కొందరు తలచుదురు. అట్లు మార్చుకొనకున్నచో ఇంకెన్ని మొక్కలు చచ్చెడివో మన విద్యార్థు లాలోచింతురు గాక.