జడ్జిగారి లెక్కల పుస్తకం

పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్ళూ వారాంతాల్లోనూ సంగీతమో, సాహిత్యమో, నాటకమో సాగిస్తున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అలాంటివాళ్ళందరికీ పెద్దన్న లాంటి ఒకాయన్ని పరిచయం చేస్తాను. పేరు పియేర్ ద ఫెర్మా. 17వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో నైరుతి ఫ్రాన్సులో, తోళ్ళ వర్తకుడి ఇంట పుట్టారు. న్యాయశాస్త్రం చదివి, 1631లో తులూజ్ న్యాయస్థానంలో పదవిలో చేరారు. చివరిదాకా అదే ఉద్యోగం. గణితం మాత్రం కేవలం ఇష్టంకొద్దీ చేసిన పని.

ఆయన దగ్గర ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు డయోఫాంటస్ రాసిన అరిత్మెటికాకు 1621లో వచ్చిన లాటిన్ అనువాదం. తోచిన విషయాలన్నీ దాని మార్జిన్లలోనే రాసుకునేవారు.

ఆయనకు బాగా ఇష్టమైనవి పూర్ణసంఖ్యల భుజాలున్న లంబకోణ త్రిభుజాలు. వీటిలో 3, 4, 5 మనకు కొత్త కాదు. పునాది మూల సరిచూడటానికి మన మేస్త్రీలు తాడుతో కొలిచేది ఆ లెక్కనే. ఫెర్మా అక్కడితో ఆగలేదు. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, అలాంటి త్రిభుజం ఒక్కదానికి, సరిగ్గా ఒక్కదానికే, కర్ణం అవుతుందని 1640లో మిత్రుడు మెర్సెన్‌కు తెలిపారు. 5, 13, 17, 29 అలాంటివి. 3 మిగిలే 7, 11, 19 ఎన్నటికీ కర్ణాలు కావు. దీని నిరూపణ మాత్రం రాసిపెట్టలేదు. ఆ పని 18వ శతాబ్దంలో ఆయిలర్ చేయాల్సివచ్చింది.

నాకు అన్నిటికంటే నచ్చినది ఇంకొకటుంది. 3, 4, 5 త్రిభుజం వైశాల్యం 6. 5, 12, 13 ది 30. 8, 15, 17 ది 60. ఎంత దూరం వెళ్ళినా ఈ వైశాల్యం వర్గసంఖ్య కాదని ఫెర్మా నిరూపించారు. ఎలాగంటే, అలాంటి త్రిభుజం ఒకటుంటే దానికంటే చిన్నది ఇంకొకటి ఉండి తీరాలి, దానికంటే చిన్నది మరొకటి. పూర్ణసంఖ్యలు అలా అంతులేకుండా తగ్గుతూ పోలేవు కదా! ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఈ తర్కం ఇట్టే అర్థమవుతుంది.

1653లో ప్లేగు సోకి, ఆయన పోయారన్న వార్త కూడా పుట్టింది. కానీ కోలుకున్నారు. 1665 జనవరి 12న కాస్త్ర్ పట్టణంలో కన్నుమూశారు. ఆ నాటికి ఆయన గణితంలో చాలాభాగం ఉత్తరాల్లోనూ, మార్జిన్లలోనూ ఉండిపోయింది.

కొడుకు సామ్యూల్ ఆ రాతలన్నీ పోగుచేసి, 1670లో డయోఫాంటస్ పుస్తకంతో కలిపి అచ్చు వేయించాడు. వర్గాలకు బదులు ఘనాలో, అంతకంటే పెద్ద ఘాతాలో తీసుకుంటే అలాంటి సంఖ్యలు దొరకవన్న ప్రసిద్ధ వాక్యం లోకానికి తెలిసింది అందులోనే. దాన్ని ఆండ్రూ వైల్స్ 1994లో నిరూపించి, 1995లో ప్రచురించారు. మూడు శతాబ్దాల గణితాన్ని నడిపించిన ప్రశ్న అది.

ఆ కొడుకే పూనుకోకపోతే ఆ మార్జిన్లు ఏమైపోయేవో! మన ఇళ్ళలోనూ అమ్మానాన్నల, తాతయ్యల నోటుపుస్తకాలు అటకల మీద ఉండే ఉంటాయి. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఒక్కసారి దింపి చూడండి.